కథల పోటీలో లేని ముత్తవ్వను ఉన్నట్టు చెప్పొచ్చా?

తార్నాక సభ్యురాలు:

ఆదివారం మా స్పీకింగ్ క్లబ్‌లో కథల పోటీ జరిగింది. నలుగురిలో మాట్లాడటం నేర్పే అంతర్జాతీయ సంస్థ టోస్ట్‌మాస్టర్స్ పద్ధతిలో నడిచే క్లబ్ మాది. మామూలు మీటింగులు ఇంగ్లీషులోనే ఉంటాయి, ఏడాదికోసారి మాత్రం తెలుగులో కథల పోటీ పెట్టుకుంటాం. ఒక్కొక్కరికి 5 నుంచి 7 నిమిషాలు. ఈసారి గెలిచిన కథ మీద మొదలైన గొడవ ఇంకా వాట్సాప్ గ్రూపులో నడుస్తూనే ఉంది. బయటివాళ్ళు ఏమంటారో తెలుసుకుందామని ఇక్కడ పెడుతున్నాను.

ఆ కథ 1908 సెప్టెంబర్ 28 నాటి మూసీ వరద గురించి. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఇప్పటికీ ఉన్న చింతచెట్టు తెలుసు కదా. ఆ రోజు 150 మంది దాకా దాన్ని పట్టుకుని ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. మా సభ్యుడు ఇలా ఎత్తుకున్నాడు: "ఆ రాత్రి మా ముత్తవ్వ ఆ చెట్టు మీద ఉంది. ఆమె ఒడిలో మూడు నెలల పసిగుడ్డు. ఆ పసిగుడ్డే మా తాత."

నేను ఆ రోజు టైమర్‌ని. 5 నిమిషాలకు పచ్చ కార్డు, 6కు పసుపు, 7కు ఎరుపు చూపించాలి. అతను కుడిచేత్తో కొమ్మను పట్టుకున్నట్టు, ఎడమచేత్తో బిడ్డను గుండెకు అదుముకున్నట్టు నిలబడి, ఎక్కడా గొంతు పెంచకుండా చెప్పాడు. "గండిపేట గేట్లు ఎత్తేశారు, గేట్లు ఎత్తేశారు" అని జనం అరుస్తున్నారని చెప్పినప్పుడు ఆ ఎడమచెయ్యి కొద్దిగా పైకి జరిగింది. నీళ్ళు పెరిగాయని ఒక్క మాట అనలేదు. చెయ్యి జరగడంతోనే హాలంతటికీ తెలిసిపోయింది. పసుపు కార్డు ఎత్తేటప్పటికి నాకు కళ్ళు మసకబారాయి.

పోటీ అయ్యాక చాయ్ దగ్గర ఒక పెద్దావిడ, "మీ తాత ఇంకా ఏమేం చెప్పేవారు బాబూ" అని అడిగారు. అతను దాచలేదు. "ముత్తవ్వ సంగతి కల్పించిందేనండీ, మావాళ్ళది నల్గొండ వైపు, నేను ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చాను" అన్నాడు. ఆవిడ చాయ్ అలాగే బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోయారు.

కల్పించడం తప్పని నేను అనడం లేదు. కథ అన్నాక కల్పన ఉంటుంది. కానీ నిజంగా జరిగిన వరదను, నిజంగా పోయిన ప్రాణాలను తీసుకుని, మధ్యలో "మా ఇంట్లో" అని లేని మనిషిని పెట్టి, దాని మీద బహుమతి తీసుకోవడం నాకు సమ్మతం కాదు. విన్నవాళ్ళు ఏడ్చింది కథ బాగుందని మాత్రమే కాదు, ఎదురుగా నిలబడ్డ మనిషి రక్తసంబంధం గురించి చెబుతున్నాడని నమ్మి. వచ్చే ఏడాది నుంచి ఎంట్రీ ఫారంలో "జరిగినది" లేదా "కల్పించినది" అని రాయించి, కథ మొదలయ్యే ముందే ప్రకటించాలని కమిటీని అడగబోతున్నాను. మీరేమంటారు?

చిక్కడపల్లి శ్రోత:

మేడమ్, మీరు అడిగేది చేస్తే కథల పోటీ పోయి వాంగ్మూలాల పోటీ అవుతుంది. నేను త్యాగరాయ గానసభలో హరికథలు వింటూ పెరిగాను. దాసుగారు అశోకవనంలో సీతమ్మ ఏడుపు చెబుతుంటే పక్కనే నిలబడి చూసినట్టే చెబుతారు. మధ్యలో పిట్టకథ వేసి "మా ఊళ్ళో ఒకాయన ఉండేవాడు" అంటారు. ఆ ఒకాయన ఏ ఊరు, ఇంటి నంబరెంత అని ఎవరైనా అడుగుతారా?

"ఇప్పుడు మీరు వినబోయేది కల్పితం" అని ముందే ప్రకటిస్తే వినేవాడు చేతులు కట్టుకుని వెనక్కి వాలతాడు. ఆ తర్వాత ఎంత గొప్పగా చెప్పినా ముందుకు వంగడు. మీ కళ్ళు మసకబారాయని మీరే రాశారు. ఆ కుర్రాడు చేయాల్సిన పని అదే. చేశాడు, గెలిచాడు.

పోటీలకు జడ్జిగా వెళ్ళేవాణ్ణి:

ముందు నిబంధనల సంగతి చెబుతాను, ఎందుకంటే గ్రూపుల్లో "డిస్‌క్వాలిఫై చేయాలి" అని ఊరికే అనేస్తుంటారు.

టోస్ట్‌మాస్టర్స్ అంతర్జాతీయ ప్రసంగాల పోటీలో జడ్జి చేతిలో ఉండే కాగితం మీద విషయానికి 50, చెప్పే తీరుకు 30, భాషకు 20 మార్కులు. నిజమా అబద్ధమా అన్న గడి ఎక్కడా లేదు. పోటీదారు సంతకం పెట్టి ఇచ్చేది ప్రసంగం తన సొంతమని మాత్రమే. ఇతరుల మాటలు, ఆలోచనలు 25 శాతానికి మించకూడదు. అభ్యంతరం చెప్పే హక్కు జడ్జీలకు, పోటీదారులకే ఉంటుంది, అదీ విజేతను ప్రకటించకముందే, అర్హత గురించో సొంత రచన అవునా కాదా అన్నదాని గురించో మాత్రమే. 4 నిమిషాల 30 సెకన్లకు ముందే ముగించినా, 7 నిమిషాల 30 సెకన్లు దాటినా పోటీ నుంచి తప్పిస్తారు. లేని ముత్తవ్వను చెప్పినందుకు తప్పించరు. ఈ లెక్కన మీ ఫలితానికి ఢోకా లేదు.

అయితే తెలుగు కథల పోటీ మీరు సొంతంగా పెట్టుకున్నది, దానికి నియమాలు మీరే రాసుకోవచ్చు. ఇంకో మాట. టోస్ట్‌మాస్టర్స్‌లో టాల్ టేల్స్ అని వేరే పోటీ ఉంది, 3 నుంచి 5 నిమిషాలు. అచ్చంగా కోతలు కోసే పోటీ. అక్కడ మీ ముత్తవ్వ మూసీని మింగేసిందన్నా ఎవరూ మోసపోరు, కోతలు వినడానికే వచ్చి కూర్చుంటారు కాబట్టి. మీ పోటీకి వచ్చినవాళ్ళు ఏం వినడానికి వచ్చామనుకున్నారో ఎవరైనా ముందు చెప్పారా? నాకు అసలు లోపం అక్కడ కనిపిస్తోంది.

అఫ్జల్‌గంజ్ ఇంటి ఆడపడుచు:

నేను ఆ పోటీకి రాలేదు. కానీ పైన రాసిన ఒక్క ముక్క దగ్గర ఆగిపోయాను. 1908లో గండిపేట గేట్లు ఎత్తారా? అప్పటికి గండిపేట చెరువే లేదు. ఆ వరద చూశాకే నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఎగువన నీళ్ళు ఆపాలన్న ఆలోచనతో కట్టిందే ఉస్మాన్ సాగర్, అదే మన గండిపేట, 1920లో పూర్తయింది. హిమాయత్ సాగర్ 1927లో. 1908లో ఊరు మునిగింది ఎడతెగని వానకు, ఎగువ చెరువులు ఒకదాని వెంట ఒకటి తెగినందుకు.

చిన్న పొరపాటు కదా అంటారేమో. ఎవరైనా "నేను కల్పించాను" అని చెబితే నాకూ చిన్నదే. కానీ "మా ముత్తవ్వ విన్నది" అని చెబితే అది సాక్ష్యం అవుతుంది. హాల్లో కూర్చున్న వాళ్ళలో సగం మంది ఈ ఊరికి కొత్తవాళ్ళు. ఊరిని కాపాడటానికి కట్టిన చెరువే ఊరిని ముంచిందని నమ్మి ఇంటికి వెళ్ళారు.

ఇంకొకటి. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లినీ, భార్యనూ, కూతురినీ పోగొట్టుకున్నారు. కుటుంబంలో ఆయన ఒక్కరే మిగిలారు. ఆ దుఃఖాన్ని మోస్తూనే బతికారు, దాని మీద కవిత్వం రాశారు. మా ఇంట్లో కూడా ఆ నీళ్ళలో పోయినవాళ్ళున్నారు, వాళ్ళ పేర్లు మా నాయనమ్మ చెబుతుండేది. అరువు సొమ్ము బరువు చేటు అంటారు. సొమ్ముకే అలాగైతే అరువు తెచ్చుకున్న చావుల మాటేమిటి? చాయ్ వదిలేసి వెళ్ళిన ఆ పెద్దావిడ ఎవరో తెలియదు గానీ, ఆమె ఎందుకు వెళ్ళిపోయిందో నాకు తెలుసు.

ఆ కథ చెప్పింది నేనే:

నా గురించే కాబట్టి నేనే చెబుతాను.

ఉద్యోగానికి వచ్చిన కొత్తలో మా బంధువు ఒకరికి బాగాలేక ఉస్మానియాలో ఉన్నాను. బయట ఆ చెట్టు కింద కూర్చుంటే ఒక పెద్దాయన దాని సంగతి చెప్పాడు. రోజూ ఆ చెట్టు పక్కగా ఎంతోమంది నడిచిపోతారు, చాలామందికి అదేమిటో తెలియదు. మా క్లబ్‌లో కూడా ఎవరికీ తెలియదు. "అఫ్జల్‌గంజ్‌లో ఒక చారిత్రక వృక్షం కలదు" అని మొదలుపెడితే ఆ ఆదివారం కూడా ఎవరికీ తెలిసేది కాదు.

ఆ చెట్టెక్కిన వాళ్ళలో ఒక తల్లి ఉండే ఉంటుంది. ఆమె పేరు ఎవరూ రాసిపెట్టలేదు. దగ్గర చేసుకుని చెబితే తప్ప ఆమె ఎవరికీ పట్టదు, అందుకే మా ఇంటి మనిషిని చేసుకున్నాను. అవమానించడానికి కాదు. బహుమతి వస్తుందని కూడా అనుకోలేదు. అడిగిన వెంటనే నిజం చెప్పాను కదా. గండిపేట మాట వచ్చేసారి ఉండదు. ముత్తవ్వ మాత్రం ఉంటుంది.

క్లబ్‌లో కొత్తగా చేరినవాణ్ణి:

అన్నా, మీ కథ నాకు చాలా నచ్చింది. మీరు చేతులతో చూపించింది నేను ఇంటికెళ్ళి అద్దం ముందు చేసి చూసుకున్నాను. కానీ నా వైపు నుంచి కూడా ఒకసారి చూడండి.

నేను అదే పోటీలో మా నాన్న గురించి చెప్పాను. ఆయన ఆర్టీసీ డ్రైవర్. డ్యూటీ దిగి వచ్చాక కూడా నిద్రలో కుడికాలు బ్రేక్ మీద ఉన్నట్టు కదిలేది, మా అమ్మ ఆ కాలి మీద చెయ్యి వేస్తే ఆగేది. అదీ నా కథ. అందులో ఎవరూ చనిపోలేదు, వరద రాలేదు. జరిగింది జరిగినట్టే చెప్పాను. తర్వాత ఒకరు నా దగ్గరికి వచ్చి మంచిమనసుతోనే, "బాగుంది, ఇంకొంచెం బాధ ఉంటే గెలిచేవాడివి" అన్నారు.

ఇంకొంచెం బాధ ఎక్కడి నుంచి తేవాలి? మా నాన్న బాగున్నాడు, రిటైరయ్యాడు. వచ్చే ఏడాది ఆయనకు బస్సు ప్రమాదం జరిగిందని చెప్పాలా? కల్పించడానికి అడ్డు లేదని క్లబ్ తేల్చేస్తే నాలాంటివాళ్ళు అదే నేర్చుకుంటారు. ఇంట్లో జరిగిన మామూలు సంగతి స్టేజీ మీద చెప్పడానికే నాకు చెమటలు పట్టాయి. ఆ మామూలు సంగతికి విలువ లేదనిపిస్తే మళ్ళీ నోరు తెరవాలని అనిపించదు.

చిక్కడపల్లి శ్రోత:

తమ్ముడూ, నిద్రలో బ్రేక్ వేసే కాలు అన్నావే, అది ఎవరూ కల్పించలేరు. దాన్ని పట్టించుకోకపోతే తప్పు జడ్జీలది, కల్పనది కాదు. బాధ ఎక్కువుంటే మార్కులు ఎక్కువ అన్న అలవాటును సరిచేయండి, నేనూ చెయ్యెత్తుతాను. దానికోసం కల్పనకు సంకెళ్ళు వేయడం దేనికి?

తార్నాక సభ్యురాలు:

చిక్కడపల్లివారికి ముందు. హరికథ వినేవాళ్ళకు రామాయణం తెలుసు. సీతమ్మ తన మేనత్త అని దాసుగారు చెప్పుకోరు. బుర్రకథలో చూడండి, మధ్యలో తంబురాతో కథకుడు, చెరో పక్కన వంతలు. కథ కథకుడు నడుపుతాడు. ఇవాళ్టి ధరల మాటో, ఊళ్ళో గొడవో రాజకీయపు వంత నోటి నుంచి వస్తుంది. ఏది కథో, ఏది ఈ రోజు సంగతో వినేవాళ్ళకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు, ఆ పద్ధతిలోనే అది తెలిసిపోతుంది. మన క్లబ్‌లో అలాంటి ఏర్పాటు లేదు. ఒక మనిషి మామూలు చొక్కాలో నిలబడి "మా తాత" అంటే అతని తాత అనే అనుకుంటాం. ఆ ముందు వారమే అదే మనిషి అదే చోట నిలబడి తన ఉద్యోగం గురించి, పెళ్ళి గురించి నిజాలే చెప్పి ఉంటాడు. కొత్తవాళ్ళు భయం వదిలి మాట్లాడేది ఆ నమ్మకం మీదే.

ఇక కథ చెప్పిన తమ్ముడికి. "ఆ చెట్టెక్కిన వాళ్ళలో ఒక తల్లి ఉండే ఉంటుంది. ఆమె పేరు ఎవరూ రాసిపెట్టలేదు." మీరు పైన రాసిన ఈ రెండు వాక్యాలు హాల్లో విన్న మొదటి మాటల కంటే నాకు గట్టిగా తగిలాయి. ఇక్కడ మొదలుపెట్టి అదే చెయ్యి, అదే కొమ్మ, అదే బిడ్డను చూపించండి. ఏమీ తగ్గదు. ఆ పెద్దావిడ కూడా చివరిదాకా కూర్చుంటారు.

ఆ కథ చెప్పింది నేనే:

అక్కా, ఆలోచిస్తాను. కానీ అలా మొదలుపెడితే గెలిచేవాణ్ణా? జడ్జిగారిని అడుగుతున్నాను, నిజం చెప్పండి.

పోటీలకు జడ్జిగా వెళ్ళేవాణ్ణి:

నా కాగితం మీద గెలిచేవారు. పక్క కుర్చీలో ఉన్న జడ్జి కాగితం గురించి మాట ఇవ్వలేను. సొంత జీవితం అనగానే కొందరి చెయ్యి ఉదారంగా కదులుతుంది, అది నేను చాలా పోటీల్లో చూశాను. అందుకే ముందుగా ప్రకటించడం నాకూ ఇష్టం లేదు. ప్రకటిస్తే "జరిగినది" అన్న కథలకే ఇంకా మార్కులు పడతాయి, కల్పన చేసేవాళ్ళు నష్టపోతారు. ఫారంలో రాయించండి, జడ్జీలకు చూపించకండి. ఫలితాలు చెప్పాక అందరికీ చదివి వినిపించండి. చాయ్ దగ్గర ఒకరి నోటి నుంచి తెలిసేకంటే స్టేజీ మీదే తెలియడం మర్యాద.

అఫ్జల్‌గంజ్ ఇంటి ఆడపడుచు:

ఫలితాల తర్వాత చెప్పడం ఏం మర్యాదండీ? ఏడ్చేదాకా ఏడిపించి అప్పుడు చెబుతారా? నిజంగా జరిగిన విపత్తు మీద కథ చెప్పేటప్పుడైనా ముందే చెప్పాలి. తేదీలు, ఊళ్ళు, చెరువులు సరిచూసుకునే బాధ్యత కూడా చెప్పేవాళ్ళదే అని అదే ఫారంలో రాయండి. మిగతా కథలకు మీ ఇష్టం.

తార్నాక సభ్యురాలు:

కమిటీకి ఇలా పంపుతున్నాను. ఒకటి, ఫారంలో జరిగినదా, కల్పించినదా అన్నది రాయాలి, జడ్జీలకు చూపించకూడదు. రెండు, చరిత్రలో జరిగిన విపత్తును తీసుకుంటే లేని బంధుత్వం చెప్పకూడదు. దీనికి ముందు ప్రకటన అవసరం ఉండదు, అఫ్జల్‌గంజ్‌వారి అభ్యంతరమూ తీరుతుందనుకుంటున్నాను. వాస్తవాలు సరిచూసుకోవడం చెప్పేవాళ్ళ బాధ్యత. మూడు, బాధ ఎంతుందన్నది కొలత కాదని పోటీకి ముందు జడ్జీలకు ఇచ్చే బ్రీఫింగ్‌లో చెప్పాలి. వచ్చే ఆదివారం మీటింగ్‌లో చేతులెత్తి ఓటింగ్. గెస్టులు రావచ్చు, ఓటు మాత్రం సభ్యులకే.

చిక్కడపల్లి శ్రోత:

మూడోదానికి పూర్తిగా ఒప్పుకుంటాను. మొదటిదానికి సర్దుకుపోతాను. రెండోది మాత్రం తప్పు. దాన్ని ఒప్పుకుంటే రేపు దేశ విభజన మీదా, తుపాను మీదా "మా అవ్వ" అని మొదలయ్యే కథ ఎవరూ చెప్పలేరు. ఓటు లేకపోయినా గెస్టుగా వచ్చి రెండు నిమిషాలు అడిగి మాట్లాడతాను. టైమర్ మీరే అయితే కార్డు సమయానికే ఎత్తండి, నేను ఆపేస్తాను.