బాయిలర్ మూడు నిమిషాలకే కాగిపోయి ఆగిపోతోంది, ఏం చేయాలి?

చిత్తూరు గ్రీమ్స్‌పేట, ఇప్పుడు ఇంగ్లండ్‌లోని రీడింగ్ ఊరు:
అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీకి వచ్చి ఆరు వారాలైంది. నలుగురం కలిసి అద్దె ఇంట్లో ఉంటున్నాం. వంటింటి గోడకున్న కాంబి బాయిలర్ (గదుల హీటింగుకూ, కుళాయి వేడినీళ్లకూ ఒకటే గ్యాస్ పెట్టె) హీటింగ్ ఆన్ చేస్తే రెండు మూడు నిమిషాల్లోనే 88 డిగ్రీలు చూపిస్తుంది. లోపల గుడగుడమంటుంది, ఎర్ర లైటు వెలిగి ఆగిపోతుంది. పొద్దున్నుంచి తొమ్మిదిసార్లు రీసెట్ నొక్కాను. హాల్లో రేడియేటర్ (వేడినీళ్లు తిరిగి గదిని వేడిచేసే ఇనుప పలక) చెయ్యి పెట్టలేనంత వేడి, పై గదులు మాత్రం చల్లగా ఉన్నాయి. పేలిపోతుందేమోనని టెన్షన్. చిత్తూరులో మే నెలకు తట్టుకున్నాను గానీ ఇక్కడి నవంబరుకు తట్టుకోలేకున్నా.

పలమనేరు, ఇప్పుడు మాంచెస్టర్:
ముందు ఆ రీసెట్ వదిలెయ్ తమ్ముడూ. వేడి హద్దు దాటితే ఆపెయ్యడానికే అందులో కట్ఆఫ్ పెట్టారు, అది దాని పని చేస్తోంది. కారణం కనుక్కోకుండా నొక్కుతూ పోతే లాభం లేదు. ఓనర్‌కు ఇప్పుడే మెయిల్ పెట్టు, ఎర్ర లైటు పక్కన వచ్చే కోడ్ ఫొటో కూడా జత చెయ్. హీటింగ్, వేడినీళ్లు పనిచేసేలా చూడాల్సింది ఓనరే, 1985 నాటి చట్టంలోనే ఉంది. ఏడాదికోసారి గ్యాస్ చెక్ చేయించి ఆ కాగితం మీకివ్వాలి. ఇచ్చారా? ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందో లేదో కూడా చూడు. ఆ విషవాయువుకు వాసన ఉండదు. అందరికీ ఒకేసారి తలనొప్పి వస్తే అనుమానించాలి. గ్యాస్ వాసనే వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా బయటికొచ్చి 0800 111 999కి ఫోన్ చెయ్.

తిరుపతి భవానీనగర్ (ఇంగ్లండ్‌లోని స్లౌలో పద్నాలుగేళ్లు ఉండి వచ్చాను):
మాంచెస్టర్ అమ్మాయి చెప్పింది ముందు చెయ్ నాయనా. తర్వాత ఇది చదువు.

మా నాయన తిరుమలకు టాక్సీ నడిపేవారు. ఘాట్ ఎక్కేటప్పుడు బండి కాగిపోతే ఇంజన్‌లో మంట ఎక్కువైందని ఆయన ఎప్పుడూ అనలేదు. రేడియేటర్‌లో నీళ్లున్నాయా, ఫ్యాన్ బెల్ట్ తిరుగుతోందా, గొట్టం ఎక్కడైనా మూసుకుందా అనే చూసేవారు. నీ బాయిలర్ కూడా అంతే. మంట మామూలుగానే ఉండొచ్చు. ఆ వేడిని మోసుకుపోవాల్సిన నీళ్లు కదలకపోతే ఉన్నచోటే మరిగిపోతాయి. హాలు కాలిపోతూ పై గదులు చల్లగా ఉన్నాయన్నావు చూడు, నా అనుమానమంతా అక్కడే.

బాయిలర్ కింద గడియారం లాంటి ముల్లు ఉంటుంది, లేదా డిస్‌ప్లేలోనే బార్‌లలో ప్రెషర్ చూపిస్తుంది. పూర్తిగా చల్లారాక ఎంతుంది? 1 నుంచి 1.5 మధ్య ఉండాలి. ఇంకో ప్రశ్న. పై గదుల రేడియేటర్ల పక్కన అంకెలున్న తిరిగే మూతలు ఉంటాయి కదా, బిల్లు తగ్గుతుందని ఎవరైనా అన్నీ కట్టేశారా?

రీడింగ్:
అంకుల్, 0.4 ఉంది. అవును, పై మూడు గదులూ సున్నాలో పెట్టేశాం. గ్యాస్ బిల్లు చూసి నేనే చెప్పాను.

భవానీనగర్:
బాగుంది! నాలుగు దారుల్లో మూడు నువ్వే మూసేశావు. ఇక నీళ్లు ఎటు పోతాయి?

మూతలన్నీ పూర్తిగా తెరువు. ఓనర్‌తో మాట చెప్పి నీళ్లు ఎక్కించు. బాయిలర్ అడుగున రెండు పైపులను కలుపుతూ వెండిరంగు జడలాంటి గొట్టం ఉంటుంది, రెండు చివర్లా చిన్న వాల్వులు. బాయిలర్ చల్లగా ఉన్నప్పుడు నెమ్మదిగా తెరిచి, 1.3 రాగానే రెండూ గట్టిగా కట్టెయ్. మరిచిపోతే ప్రెషర్ పెరిగి 3 బార్ దగ్గర సేఫ్టీ వాల్వు తెరుచుకుంటుంది, బయటి గోడ పైపులోంచి నీళ్లు కారుతాయి.

తర్వాత గాలి తియ్. మన బోరు మోటారుకు గాలి పడితే తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు మాత్రం రావు. అదే కథ. రేడియేటర్ పై మూలన చిన్న తాళంచెవితో కొంచెం తిప్పితే సుయ్‌మంటుంది. నీళ్లు రాగానే బిగించు. కింద గుడ్డ పెట్టుకో, నల్లటి నీళ్లు వస్తాయి, కార్పెట్‌కు అంటితే డిపాజిట్ పోతుంది. గాలి పోయాక ప్రెషర్ మళ్లీ తగ్గుతుంది, ఇంకోసారి ఎక్కించు. అప్పుడు ఒక్కసారి, ఒక్కసారే, రీసెట్ నొక్కి చూడు. బాయిలర్ ముందు కవర్ మాత్రం విప్పొద్దు.

రీడింగ్:
ఇరవై అయిదు నిమిషాలైంది, ఆగలేదు! 62 దగ్గర నిలబడింది. మధ్య గదిలో గాలి రెండు నిమిషాలు వచ్చింది. వెనక గది మాత్రం ఇంకా చల్లగానే ఉంది. గుడగుడ తగ్గింది గానీ పూర్తిగా పోలేదు.

మాంచెస్టర్:
వెనక గది మూత ఊడదీసి చూడు తమ్ముడూ. లోపల చిన్న పిన్ను ఉంటుంది, చాన్నాళ్లు సున్నాలో ఉంటే కిందికి అతుక్కుపోతుంది. మెల్లగా వేలితో నొక్కితే స్ప్రింగ్‌లా పైకి రావాలి. కటింగ్ ప్లేయర్‌తో లాగొద్దు, ఊడితే ఇల్లంతా నీళ్లే.

భవానీనగర్:
పిన్ను వదిలాక కూడా ఆ రేడియేటర్ పైన వేడిగా, అడుగున చల్లగా ఉంటే లోపల తుప్పు బురద పేరుకుందని. మిగిలిన గుడగుడకూ అదే కారణం కావచ్చు, సున్నం కూడా కావచ్చు. మన బోరు నీళ్లకు గీజర్ కాయిల్ మీద తెల్ల పెచ్చు కట్టి శబ్దం చేస్తుంది చూడు, రీడింగ్ నీళ్లూ అలాంటివే. అక్క ఉన్న మాంచెస్టర్ నీళ్లు మెత్తనివి, ఆమెకు ఆ బాధ లేదు. శుభ్రం చేయడం, పంపు బలహీనపడిందేమో చూడడం, వేడి కొలిచే సెన్సర్ తప్పు చెబుతోందేమో మీటర్ పెట్టి పరీక్షించడం గ్యాస్ ఇంజనీరు పనులు. వచ్చినవాణ్ని గ్యాస్ సేఫ్ కార్డు (అక్కడ గ్యాస్ పని చేసేవాళ్ల రిజిస్ట్రేషన్ కార్డు) అడుగు. వెనక్కి తిప్పి చూడు, ఏ పనులకు అర్హత ఉందో అక్కడే రాసి ఉంటుంది. అడగడానికి మొహమాటం వద్దు.

రీడింగ్:
పిన్ను కదిలింది అక్కా, వెనక గది కూడా వేడెక్కింది. గురువారం ఇంజనీరు వస్తాడని ఓనర్ మెయిల్ పెట్టారు. రాత్రి అమ్మ వీడియో కాల్‌లో స్వెటర్ లేకుండా ఎందుకున్నావని తిట్టింది.

భవానీనగర్:
రేపు పొద్దున వేడి చెయ్యకముందే ముల్లు ఎక్కడుందో చూసి ఇక్కడ రాయి. 1.3 నుంచి దిగిందంటే ఎక్కడో కారుతూ ఉండొచ్చు. పైపుల కీళ్ల కింద, సింకు కింద పొడి టిష్యూ పెట్టి తడి చూసుకో. ఇంజనీరుకు ఆ లెక్క చెబితే అతనికి సగం పని తగ్గుతుంది.