సమస్య: చంపువాఁడె మనకుఁ జదువు నేర్పు

గంటస్తంభం (నిర్వాహకుడు): వీడియో గేముల్లో గొప్ప విలన్ ఎవడని నిన్నంతా కొట్టుకున్నారు. ఇక పద్యాల్లో కొట్టుకోండి, పై పాదమే ఆఖరుగా, ఆటవెలదిలో.

నాగావళి: సెకిరో (2019), గెనిచిరో.

మెఱుపు రువ్వ నెగిరి మింటిలో నందుకో
కాలు మోపకుండఁ గత్తి విసరు
చచ్చి చచ్చి తెలిసె శత్రువు మర్మమ్ము
చంపువాఁడె మనకుఁ జదువు నేర్పు

వంశధార: కిటుకంతా "కాలు మోపకుండ"లోనే. నేలమీద నిలబడి కత్తి అడ్డుపెడితే షాక్ తప్పదు. గాల్లో ఉండగా దెబ్బ తిని, దిగేలోపు కత్తి విసిరితే ఆ పిడుగు వాడికే. "అందుకో" మాత్రం కుర్రతనం.

బొంకులదిబ్బ: మెటల్ గేర్ సాలిడ్ (1998).

మనసు చదువునంట మాంటిసు మాయావి
తీఁగ పీకి పక్క తెఱపిఁ గుచ్చు
చదివి చంపువానిని జాడఁ బోల్చితి నేను
చంపువాఁడె మనకుఁ జదువు నేర్పు

నాగావళి: మూడో పాదంలో "వానిని"! సూర్యగణం (గురువు-లఘువు, లేదా మూడు లఘువులు) కుర్చీలో భగణం (గురువు, రెండు లఘువులు) కూర్చుంది. మొన్న కందంలో ర, ఱ ప్రాస కలిపినప్పుడే అనుకున్నాను. అయినా తెఱపి వానకి గాని తీగకేటి?

బొంకులదిబ్బ: చివరి "ని" కొట్టేశాను, "వాని జాడ" సరిపోయింది. ఆ కందం ఊసు ఇంకెన్నాళ్ళు బావూ? తెఱపికి ఎడం అన్న అర్థమూ ఉంది. మాంటిస్ మనం నొక్కే మీటల్ని ముందే చదివేస్తాడు, అందుకే దెబ్బ తగలదు. కంట్రోలర్ తీగని రెండో పోర్టుకి మారిస్తే చదవలేడు. మీ గెనిచిరో కత్తి నేర్పాడు, వీడు ఆటపెట్టె వెనక్కి చూడటం నేర్పాడు.

వంశధార: పాక్-మాన్ (1980).

దారి ముందు కాచు దయ్య మొక్కటి, వెంట
నంటి తఱుము నొకటి, యదను చూడు
చావు చావుకొక్క సందు తెలిసి వచ్చు
చంపువాఁడె మనకుఁ జదువు నేర్పు

గంటస్తంభం: ఈవారం నా ఓటు దీనికే. దారి కాచేది పింకీ. మన మొహం ఎటుంటే అటు నాలుగు గడుల ముందుకి దాని గురి. పైకి తిరిగితే మాత్రం ప్రోగ్రాంలో దొర్లిన తప్పువల్ల నాలుగు గడులు ఎడమకీ జరుగుతుంది. దయ్యాలు ఎప్పుడూ తమ లెక్క తప్పవు గనకే మూడో పాదం నిలబడింది. లెక్కాపత్రం లేకుండా చంపితే వాడు విలన్ కాదు, కరెంటు కోత.

బొంకులదిబ్బ: మరి ఫైనల్ ఫాంటసీ 7 (1997)లో సెఫిరోత్? ఏ మీట నొక్కినా మన జట్టులోని ఏరిత్‌ని వాడు చంపక మానడు.

నాగావళి: అందులో చదువేదీ? అది సినిమా.

బొంకులదిబ్బ: జట్టులో గాయాలు మాన్పే మనిషి ఇక రాదు. ఆమెకి పెంచిన లెవెల్స్ అన్నీ నీళ్ళపాలు. జట్టు కూర్చడానికి మెనూ తెరిస్తే ఆమె పేరుండదు. ఆ దెబ్బ కథలో కాదు, ఆటలోనే తగిలింది.

నాగావళి: ఈ ముక్క బాగుంది. పద్యంలో పెట్టండి, గణాలు లెక్కెట్టుకుని.