ఇంగ్లీషు జాబితాలో "అండ్" తీసేస్తే మనుషుల లెక్క మారిపోతుందా?

గోదారిగట్టు:
దిద్దుతున్న వ్యాసంలో ఈ వాక్యం తగిలింది: "షీ మెట్ ది మేయర్, ఎ డాక్టర్, ఎ సింగర్." రాసినాయన ముగ్గురంటారు, నాకేమో ఒక్కరే కనిపిస్తున్నారు. తెలుగులో "మేయరు, డాక్టరు, గాయని వచ్చారు" అంటే సరిపోతుంది కదా. "అండ్" తప్పనిసరా?

కామాలరాయుడు:
తప్పనిసరి కాదండీ. "అండ్" లేని జాబితాను అసిండెటన్ అంటారు. సీజర్ మాటగా చెప్పే "ఐ కేమ్, ఐ సా, ఐ కాంకర్డ్" అదే.

మీ వాక్యంలో చిక్కు వేరే చోట ఉంది. "ది మేయర్" తర్వాత కామా, ఆపైన "ఎ డాక్టర్" అని రాగానే పాఠకుడు దాన్ని అపోజిషన్‌గా, అంటే మేయరు గురించిన వివరంగా పట్టుకుంటాడు. "అండ్" పెట్టినా పూర్తిగా తీరదు. "ది మేయర్, ఎ డాక్టర్, అండ్ ఎ సింగర్" అంటే ముగ్గురు కావచ్చు, లేదా డాక్టరైన మేయరు, ఇంకో సింగరు కలిసి ఇద్దరు. "అండ్" ముందు కామా తీసేస్తే ముగ్గురో, రెండూ తానే అయిన మేయరొక్కరో!

వరస మార్చండి: "ఎ డాక్టర్, ఎ సింగర్, అండ్ ది మేయర్." ముగ్గురే. ఒక్కరే అయితే "ది మేయర్, హూ ఈజ్ బోత్ ఎ డాక్టర్ అండ్ ఎ సింగర్" అనండి.

(తెలుగులోనూ "వచ్చారు" గౌరవానికీ వాడతాం. కాబట్టి మనకేం పెద్ద రక్షణ లేదు.)

ప్రూఫురీడరు:
అపోజిషన్‌లో ఎక్కువగా జారిపోయేది రెండో కామా. "పి.వి. నరసింహారావు, ప్రైమ్ మినిస్టర్ ఫ్రమ్ 1991 టు 1996, లెడ్ ఎ మైనారిటీ గవర్నమెంట్" అన్నప్పుడు 1996 తర్వాత కామా ఉండి తీరాలి.

వివరం ముందొచ్చి, పేరు దాని తర్వాత వస్తే ఇలా చూడండి. "ఇండియాస్ నైన్త్ ప్రైమ్ మినిస్టర్, పి.వి. నరసింహారావు," అనేచోట పేరుకు అటూ ఇటూ కామాలు కావాలి, తొమ్మిదో ప్రధాని ఒక్కరే గనక. "ఫార్మర్ ప్రైమ్ మినిస్టర్ పి.వి. నరసింహారావు" అనేచోట వద్దు, అది పేరు ముందు బిరుదులా నడుస్తుంది.

గోదారిగట్టు:
బాగుందండీ. మరి రెండే ఉంటే "అండ్" తీయొచ్చా?

కామాలరాయుడు:
"ఐ బాట్ రైస్, డాల్" అంటే వాక్యం మధ్యలో తెగినట్టుంటుంది. అమెరికా పత్రికల శీర్షికల్లో చెల్లుతుంది, అక్కడ కామాయే "అండ్". పూర్తి వాక్యాలు రెండింటిని ఒట్టి కామాతో కలిపితే కామా స్ప్లైస్ కింద ఎర్రగీత పడుతుంది, అక్కడ సెమికోలన్ పెట్టండి. సీజర్ వాక్యం తప్పించుకున్నది మూడు ముక్కలూ పొట్టివి, ఒకే అచ్చులో పోసినవి కాబట్టి.