వియెన్, ల్వార్ నదులు కలిసే చోట పూలూ బీవర్లూ: తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి

మేం ఫ్రాన్స్‌లో టూర్ (Tours) అనే నగరం దగ్గర ఉంటాం. అమ్మానాన్న ఏప్రిల్ చివర్లో వస్తున్నారు, అమ్మకి మొక్కలంటే ప్రాణం, అందుకే షినాన్ ఊరు దాటాక వియెన్ నది ల్వార్‌లో కలిసే వైపు, చలికాలంలో వరదలో మునిగే పచ్చిక బయళ్ళకి తీసుకెళ్దామనుకుంటున్నాను. అక్కడ ఫ్రిటిలరీ పూస్తుంది కదా, తల వంచుకున్న గంటలా ఉండి రేకుల మీద ఊదా, తెలుపు చదరంగం గళ్ళుంటాయి, ఎంత దగ్గరగా చూసినా ఎవరో గీసినట్టే ఉంటుంది! మార్చి చివరి నుంచి ఏప్రిల్ మధ్య దాకా బాగా పూస్తాయి, మరి నెలాఖరుకి ఏమైనా మిగులుతాయా? లేకపోతే సున్నపురాయి వాలుల్లో ఆర్కిడ్లు చూపిస్తే మేలా? తేనెటీగ ఆకారంలో ఉండే ఆర్కిడ్ మే నెలలో గానీ రాదనుకుంటా.

రెండోది, నాన్నకి బీవర్ (నదుల్లో ఉంటూ చెట్లు కొరికే పెద్ద ఎలుకజాతి జంతువు) చూపించాలి. 1970ల్లో బ్లువా ఊరి దగ్గర వదిలినవాటి సంతతే ఇప్పుడు ల్వార్ పొడవునా ఉంది. ఒడ్డున విల్లో చెట్టు కాండం పెన్సిల్ చెక్కినట్టు కొరికి ఉంటే అదే అని తెలుసు, కానీ నీళ్ళలో తల మాత్రమే కనిపిస్తే కోయ్‌పూ (అలాంటిదే, నీళ్ళలో ఉండే మరో ఎలుకజాతి జంతువు) కాదని ఎలా గుర్తుపడతారు? తోక పైకొస్తే సులువే, బీవర్‌ది చదునుగా, వెడల్పుగా ఉంటుంది, కోయ్‌పూది ఎలుక తోకలా గుండ్రం. సంధ్యవేళ ఏ గట్టు మీద కూర్చుంటే మంచిది?

ఇసుక దిబ్బల మీద టెర్న్ పిట్టలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి అటు అడుగుపెట్టం, ఒడ్డు నుంచే చూస్తాం. నాన్నకి మోకాళ్ళ నొప్పి, ఎక్కువ నడవలేరు, అది కూడా దృష్టిలో పెట్టుకుని చెప్పండి ప్లీజ్.