చేన్లో నల్లరాళ్ల వరుస: బోరు దాని మీదా, పక్కనా? గ్రానైట్, డోలరైట్ తేడా చెప్పండి

చెలక_జనగామ:
మాది జనగామ దగ్గర నాలుగెకరాల ఎర్ర చెలక. చుట్టూ గుండ్లన్నీ లేత గులాబీ గ్రానైటే. చేను మధ్యలో మాత్రం నల్లటి గుండ్రాళ్ల వరుస తూర్పు నుంచి పడమరకు తిన్నగా పోయి పక్క ఊరి దాకా ఉంది. నేల వాలు ఉత్తరం నుంచి దక్షిణానికి. బోరు ఆ నల్లరాళ్ల మీదే వేయమని ఒకరు, దూరం పోవాలని ఒకరు అంటున్నారు. ఈ రెండు రాళ్లకూ నీళ్ల దగ్గర అసలు తేడా ఏంటి?

రాతిపొర:
అది డోలరైట్ డైక్, అంటే పాత రాయి పగులులో గోడలా నిలబడ్డ నల్లరాయి. గ్రానైట్ భూమి లోపల లోతున నిదానంగా చల్లారిన రాయి కాబట్టి గింజలు కంటికి ఆనుతాయి: గాజులా మెరిసే పలుగు (క్వార్ట్జ్), గులాబీ లేదా తెల్ల ఫెల్డ్‌స్పార్, నల్ల అభ్రకం. మన దగ్గర దాని వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. అది గట్టిపడి పగిలాక, ఆ పగుళ్లలోకి కింది నుంచి ఎగదన్నిన వేరే శిలాద్రవమే డోలరైట్. ఇరుకు సందులో తొందరగా చల్లారడంతో గింజ సన్నం. గ్రానైట్‌లో సిలికా 70 శాతం చుట్టుపక్కల, డోలరైట్‌లో 50 దగ్గర. పలుగు దాదాపు ఉండదు, ఇనుము ఎక్కువ. ఘనపుటడుగు గ్రానైట్ 75 కిలోలు తూగితే డోలరైట్ 85 దాకా తూగుతుంది.

రాయి పగలగొట్టి కొత్త ముఖం చూడండి. పైన తుప్పు రంగు పెచ్చు, లోపల నలుపు, కొంచెం పచ్చ ఛాయ ఉంటుంది. దారానికి వేలాడదీసిన అయస్కాంతాన్ని చాలాసార్లు కాస్త లాగుతుంది, అందులోని మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం వల్ల. మట్టిని తడిపి వేళ్ల మధ్య నలిపినా తెలుస్తుంది: గ్రానైట్ మట్టిలో పలుగు ఇసుక గరగరమంటుంది, డోలరైట్ మట్టి జిగురుగా సాగుతుంది.

ఊట_బావి:
నీళ్ల సంగతికి వస్తే, గ్రానైట్‌లో నీళ్లుండేది రెండు చోట్ల. పైన కుళ్లిన మొరం పొర, దాని కింద పగుళ్ల రాయి. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గిపోతాయి. అందుకే 200 అడుగుల్లో తడి తగలకపోతే వెయ్యి అడుగులు దించినా చాలాసార్లు ఖర్చే మిగులుతుంది. డోలరైట్ గట్టిగా, పగుళ్లు లేకుండా ఉంటే నీటిని దాటనివ్వదు. మీ డైక్ వాలుకు అడ్డంగా ఉంది కాబట్టి భూమిలో కట్టిన ఆనకట్టలా పనిచేసే అవకాశం ఉంది. నీళ్లు ఆగేది ఎగువన, అంటే ఉత్తరం పక్క. డైక్ వాలు వెంబడే పోయి ఉంటే ఈ లాభం ఉండేది కాదు. రెండు పక్కలా ఉన్న పాత బావుల్లో మే నెల నీటిమట్టం కొలవండి. ఉత్తరం పక్క బాగా పైనుంటే నీళ్లు ఆగుతున్నట్టే. రెండూ సమానంగా ఉంటే డైక్ పగుళ్లు బారిందని అర్థం.

నల్లరాళ్ల మీద మాత్రం వేయొద్దు. మరీ ఆనుకునీ వద్దు. డైక్‌లు దాదాపు నిలువుగానే ఉంటాయి కానీ 10 డిగ్రీలు వాలినా 300 అడుగుల లోతుకు 50 అడుగులు పక్కకు జరుగుతుంది. పైన గ్రానైట్‌లో మొదలైన బోరు కింద డోలరైట్‌లో పడేది ఇలాగే. పైన కనిపించే గుండ్లు దొర్లి వచ్చినవీ కావచ్చు, అసలు అంచు వాటి కిందే ఉందనుకోకండి. మాగ్నెటిక్ సర్వేతో (రాయి అయస్కాంత గుణం కొలిచేది) అంచు, రెసిస్టివిటీ సర్వేతో (నేలలోకి కరెంటు పంపి కొలిచేది) మొరం మందం తేల్చుకుని, ఎగువన మొరం ఎక్కడ మందంగా ఉందో అక్కడ పాయింట్ పెట్టండి.

వికారాబాద్_నేల:
మా వైపు నల్లరాయి కూడా ఇదేనా?

రాతిపొర:
కాదండీ. మీ వైపు కనిపించేది బసాల్ట్, దక్కన్ లావా. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పైకి పొంగి పొరలు పొరలుగా పరుచుకుంది. ఖనిజాలు డోలరైట్‌లోవే, పడుకున్న తీరు వేరు. అక్కడ నీళ్లు వెతకాల్సింది పొరకూ పొరకూ మధ్య.

రిగ్_లాగ్:
జనగామ వారికి: బోరు దిగేటప్పుడు ప్రతి పది అడుగులకూ గుప్పెడు పొడి తీసి, టీ జాలీలో కడిగి, వరుసగా కాగితం మీద పోయండి. తెలుపు, గులాబీ ముక్కలైతే గ్రానైట్. నల్లబడగానే డోలరైట్ అనుకోకండి. అభ్రకం ఎక్కువున్న గ్రానైట్ కూడా నల్లగానే వస్తుంది. కడిగాక గాజులాంటి పలుగు రేణువులు కనిపిస్తే గ్రానైటే. అవి లేకుండా అంతా పచ్చ నలుపై, 40, 50 అడుగులు తీరు మారకపోతే డైక్‌లో ఉన్నట్టు, ఆపడమే మేలు. ముక్కల ముఖాల మీద తుప్పు మరక ఉంటే అక్కడ నీళ్లు పారే పగులుంది, లోతు రాసుకోండి.

కేసింగ్ మొరం దాటి గట్టి రాయిలో రెండు మూడడుగులు కూర్చోవాలి. మొరంలోనే ఆపితే మట్టి జారి మోటారు ఇరుక్కుపోతుంది.

నీళ్లు పడ్డాక ఇంచులు వీ-నాచ్ (V ఆకారపు గాడి కోసిన రేకు, ఆ గాడిలో పారే నీటి ఎత్తే ఇంచులు) మీదే కొలిపించండి. 90 డిగ్రీల నాచ్‌లో ఒక ఇంచు అంటే గంటకు 500 లీటర్లు, రెండించులు 2,900 దాకా. రెట్టింపు కాదు, ఐదున్నర రెట్లు. మోటారు హెచ్‌పీ ఆ లెక్కతోనే తీసుకోండి.

చెలక_జనగామ:
ఉత్తరం పక్క పాత బావి ఒకటుంది, దక్షిణాన పక్కాయనది. రెండూ కొలిచి ఇక్కడే పెడతాను.