పాత జీపీఎస్ పరికరంలోని పాయింట్లను ఓపెన్ సోర్స్ యాప్‌లోకి తెచ్చుకోవడం ఎలా?

తీరవాసి, కొత్తపట్నం (ప్రశ్న):

పెద్దలకు నమస్కారం. మాది ప్రకాశం జిల్లా కొత్తపట్నం దగ్గరి పల్లెపాలెం. మా నాన్నగారు, చిన్నాన్న కలిసి ఇంజను బిగించిన ఫైబర్ పడవ మీద వేటకు వెళ్తారు. వల తగులుకొని చిరిగే చోట్లు, చేప దొరికే చోట్లు కలిపి నూటయాభై దాకా పాయింట్లు ఉన్నాయి, వాటిలో చాలావరకు ఒక పాత చేతి జీపీఎస్ పరికరంలో ఉన్నాయి. మిగిలినవి నాన్నగారి నోటుపుస్తకంలోనే ఉన్నాయి. ఆ పరికరం తెర ఇప్పుడు సగమే కనబడుతోంది. పోయిన ఏడాది నలభై పాయింట్లను నేను ఒక ఉచిత యాప్‌లో ఎక్కించగా, ఆరు నెలలకే చందా కడితే తప్ప అవి తెరుచుకోవని చెప్పింది. బయటకు తీసుకునే దారీ లేదు. నాన్నగారు ఆ రోజు అన్న మాటలు ఇక్కడ రాయదగినవి కావు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కాబట్టి ఈలోగా పని పూర్తి చేయాలని ఉంది. సిగ్నల్ అందని చోట ఫోను జీపీఎస్ పనిచేస్తుందా? ఓపెన్ సోర్స్ యాప్ (అంటే లోపలి కోడ్‌ను అందరికీ చూపేది) అయితే రేపు ఇలాగే తాళం వేయదని నమ్మవచ్చా?

పాత విద్యార్థి, నెల్లూరు:

ముందుగా సిగ్నల్ సంగతి. జీపీఎస్ చిప్ ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతాలను వినడమే తప్ప తిరిగి ఏమీ పంపదు, కాబట్టి దానికి సిమ్ కార్డుతో పని లేదు. నెట్ ఉన్నప్పుడు ఉపగ్రహాల స్థానాల సమాచారం ముందే అందుతుంది కనుక చోటు వెంటనే దొరుకుతుంది. నెట్ లేనప్పుడు అదే సమాచారాన్ని ఉపగ్రహాల నుంచే వినవలసి రావడం వల్ల మొదటిసారి కొంత ఆలస్యమవుతుంది. ఒడ్డున ఉండగానే లొకేషన్ ఆన్ చేసి బయలుదేరితే ఈ ఇబ్బంది ఉండదు. మీ ఫోను ఏయే ఉపగ్రహాలను అందుకుంటోందో చూడడానికి జీపీఎస్‌టెస్ట్ అనే ఓపెన్ సోర్స్ యాప్ ఉంది. కొన్ని కొత్త ఫోన్లలో మన దేశం జీపీఎస్ లాగే నడుపుతున్న నావిక్ ఉపగ్రహాలు కూడా కనబడతాయి. (2022 వరకు మా నెల్లూరు జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట నుంచి 2023 మే 29న ఎగిరిన ఎన్‌వీఎస్-01 ఆ వరుసలోదే. జిల్లా మారినా ఆ గర్వం మాకు తగ్గలేదు.)

యాప్ విషయానికి వస్తే, మీ పనికి ఓస్మాండ్ అనే ఓపెన్ సోర్స్ యాప్ సరిపోతుంది. అందులోని పటాలు 2004లో మొదలై, జనమే కలిసి గీస్తున్న ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి వస్తాయి, ఫోనులోకి దించుకుంటే నెట్ లేకుండానే తెరుచుకుంటాయి. ప్లే స్టోర్‌లో దొరికే ఉచిత రూపంలో పటాల డౌన్‌లోడ్‌కు పరిమితి ఉంది. ఓపెన్ సోర్స్ యాప్‌లు దొరికే ఎఫ్-డ్రాయిడ్ నుంచి తీసుకుంటే ఆ పరిమితి లేదు. ఓపెన్ సోర్స్ అంటే డబ్బు అడగరని అర్థం కాదు, ఆ పొరపాటు చాలామంది చేస్తారు. మీకు కావలసిన హామీ వేరే చోట ఉంది: ఓస్మాండ్ మీ పాయింట్లను జీపీఎక్స్ అనే ఫైలుగా బయటకు ఇస్తుంది, ఆ ఫైలు మామూలు అక్షరాల ఫైలే కనుక నోట్‌ప్యాడ్‌లో తెరిచినా అంకెలు చదవవచ్చు. యాప్ రేపు మాయమైనా ఆ ఫైలును ఇంకొక యాప్ చదువుతుంది. ఒక ప్రతిని మెమరీ కార్డులో, ఇంకొక ప్రతిని ఇంట్లో ఎవరి ఫోనులోనైనా ఉంచండి.

పరికరం నుంచి పాయింట్లు తీయడానికి దాని కేబుల్, ఒక ల్యాప్‌టాప్, జీపీఎస్‌బేబెల్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ కావాలి. అది ఎన్నో పాత పరికరాల భాషలు తెలిసినది, చదివినదాన్ని జీపీఎక్స్‌గా రాసి ఇస్తుంది. తెర సగం పోయినా కేబుల్ పనిచేస్తే చాలు.

బోటు మెకానిక్, జువ్వలదిన్నె:

తమ్ముడూ, పైన చెప్పినవారి మాట సరైనదే కానీ ఫోను మీదే భారం వేయవద్దు. తడిచేత్తో తాకితే తెర పలకదు, ఉప్పునీరు పడితే చార్జింగ్ పెట్టే చోటు తుప్పు పడుతుంది. మీటలున్న చేతి పరికరం ఒకటి పడవలో ఉండాలి. గార్మిన్ పరికరాల్లో పటం పెట్టుకొనే వీలున్నవాటికి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పటాన్నే ఎక్కించవచ్చు. ఎమ్‌కేజీమ్యాప్ అనే ప్రోగ్రామ్ ఆ పటాన్ని పరికరం చదివే రూపంలోకి మారుస్తుంది. అయితే ఆ పటాల్లో తీరం, ఊళ్లు బాగున్నాయని సముద్రపు లోతులు కూడా నమ్మవద్దు. లోతులకు, ప్రమాదాలకు ప్రమాణం డెహ్రాడూన్‌లోని జాతీయ జలమాన చిత్రణ కార్యాలయం వేసే చార్టులే.

ఇక అసలు గోతి అంకెలు రాసే పద్ధతిలో ఉంది. మన పాత పరికరాల్లో చాలావరకు డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో వెయ్యోవంతులు చూపుతాయి. 15 25.500 అంటే 15 డిగ్రీల ఇరవై అయిదున్నర నిమిషాలు, అంటే ఫోను లెక్కలో 15.425. దానినే 15.255 అని ఎక్కిస్తే పాయింట్ 10.2 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 19 కిలోమీటర్లు దక్షిణానికి జారి, కొత్తపట్నం దాపున ఉండవలసినది సింగరాయకొండ ఎదుటికి పోతుంది. ఓస్మాండ్ సెట్టింగ్స్‌లో అంకెల పద్ధతిని మార్చుకొనే వీలుంది, ముందుగా దానిని మీ పరికరంతో కలపండి. కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ వారు చేపలు దొరికే ప్రాంతాల గురించి ఇచ్చే సూచనల్లో కూడా అక్షాంశ రేఖాంశాలు ఉంటాయి కనుక, ఈ తేడా తెలియకపోతే డీజిలు దండగ.

తీరవాసి, కొత్తపట్నం:

ఇద్దరికీ ధన్యవాదాలు. కేబుల్ ఒంగోలులో దొరికింది, పరికరంలోని 112 పాయింట్లు జీపీఎక్స్ ఫైలులోకి వచ్చాయి. మిగిలినవి నోటుపుస్తకంలోనే ఉన్నాయి, అక్కడే చిక్కు వచ్చింది. నాన్నగారు చుక్కలు పెట్టలేదు: ఒకచోట 15 25 500 అని, ఇంకొకచోట 15 25 48 అని రాశారు. రెండవది ఎలా చదవాలి?

బోటు మెకానిక్, జువ్వలదిన్నె:

చివర మూడు అంకెలుంటే నిమిషంలో వెయ్యోవంతులే. రెండే అంకెలుండి, అది 60కి తక్కువైతే సెకన్లు కావచ్చు, నిమిషంలో నూరోవంతులూ కావచ్చు. 25 నిమిషాల 48 సెకన్లు అంటే 25.8 నిమిషాలు, మరొక విధంగా 25.48 నిమిషాలు. రెంటికీ మధ్య దాదాపు 600 మీటర్లు ఉంటుంది, వల చిరగడానికి అది చాలు. ఒక ఉపాయం చూడండి: పుస్తకంలో ఆ రెండంకెల పాయింట్లన్నీ వరుసగా చదివి, ఎక్కడైనా చివరి సంఖ్య 60 గానీ అంతకు మించి గానీ ఉందేమో వెతకండి. ఒక్కటి దొరికినా అది సెకన్లు కాదు, ఆ కాలంలో రాసినవన్నీ నూరోవంతులుగానే చూడవచ్చు.

తీరవాసి, కొత్తపట్నం:

చూశాను. 71, 84, 93 ఉన్నాయి, అంటే నూరోవంతులే. నాన్నగారిని అడిగితే, అవి ఇంకా పాత పరికరం మీద చూసి రాసుకున్నవని, అందులో చివర రెండంకెలే కనబడేవని చెప్పారు. రేపు పాత పరికరాన్ని, ఫోనును పక్కపక్కన ఒడ్డున పెట్టి, రెండూ ఒకే అంకె చూపుతున్నాయో లేదో సరిచూసుకొని మిగిలినవి ఎక్కిస్తాను.