స్వతంత్రంగా జాజ్-సోల్ పాడుతూ నాటకాల్లో నటించడం: మూడో ఆల్బమ్ తేదీలూ, పెద్ద పాత్ర తేదీలూ ఒకేసారి వచ్చాయి

నీలిస్వరం (న్యూజెర్సీ) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను గుంటూరులో పుట్టి, తొమ్మిదో ఏట అమ్మానాన్నలతో న్యూజెర్సీ వచ్చాను. అమ్మ దగ్గర వర్ణాల దాకా కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను, కాలేజీలో జాజ్ గాత్రం చదివాను. ఆరేళ్లుగా ఏ రికార్డు కంపెనీతోనూ ఒప్పందం లేకుండా, నా పాటలు నేనే రాసుకుని, నా డబ్బుతోనే రికార్డు చేయించి విడుదల చేస్తున్నాను. వారాంతాల్లో చిన్న క్లబ్బుల్లో పాడతాను, సాయంత్రాలు పిల్లలకు పాట నేర్పుతాను. మూడేళ్ల క్రితం అనుకోకుండా నాటకంలోకి వచ్చాను. ఇప్పుడు నటన కూడా నాకు పాటతో సమానమైపోయింది.

చిక్కు ఇది. ఒక ప్రాంతీయ థియేటర్ వారు పెద్ద పాత్ర ఇస్తామన్నారు. నాలుగు వారాల రిహార్సల్, ఆ తరువాత ఏడు వారాల పాటు వారానికి ఎనిమిది ప్రదర్శనలు. రెండో అంకంలో కొడుకు చావు కబురు విని గుండె పగిలేలా ఏడవాలి, ఆ ఏడుపు ఆగగానే ఒక పాట పాడాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే నా మూడో ఆల్బమ్ కోసం స్టూడియోను మూడు రోజులకు మాట్లాడుకుని అడ్వాన్సు కట్టాను. పియానో, బాస్, డ్రమ్స్, శాక్సోఫోన్ వాయించే నలుగురూ ఆ తేదీలు నా కోసం అట్టేపెట్టారు.

పోయిన ఏడాది ఒక నిర్మాత మాట నమ్మి, ఐదు వారాలు ఒక్క కచేరీ కూడా ఒప్పుకోకుండా ఉంటే, ఆఖరి వారంలో ఆ పాత్ర వేరొకరికి ఇచ్చామని కబురు పెట్టారు. ఆ నెల ఇంటి అద్దె అప్పు చేసి కట్టాను. అందుకే ఈసారి ఏమి అడగాలో తెలుసుకున్న తరువాతే సంతకం చేయాలనుకుంటున్నాను. "రెండు పడవల మీద కాళ్లు పెట్టకమ్మా" అని అమ్మ రోజూ అంటోంది. ఈ రెండింటినీ ఏళ్ల తరబడి నిలుపుకున్నవారు ఎలా నిలుపుకున్నారు? ఒప్పందంలో ఏమేమి రాయించుకోవాలి? అంత ఏడ్చిన గొంతుతో పాడితే ఏమవుతుంది?

సోమవారంసెలవు (న్యూయార్క్) సమాధానం:

పదమూడేళ్లుగా నాటకాల్లో ఉన్నాను, అప్పుడప్పుడు పాడతాను కూడా. ముందుగా తేదీల మాట చెబుతాను, ఎందుకంటే మన వాళ్లు ఎక్కువగా నష్టపోయేది అక్కడే.

పాత్ర ఖరారు కాకముందు "ఆ వారాలు మా కోసం ఉంచండి" అని అడగడాన్ని ఇక్కడ హోల్డ్ అంటారు. హోల్డ్‌కు డబ్బు ఉండదు, వారి వైపు నుంచి బాధ్యతా ఉండదు. కాబట్టి హోల్డ్‌లో ఉన్న రోజులకు కచేరీ వస్తే, ఫలానా తేదీ సాయంత్రం లోపల తేల్చి చెప్పమని వారికి ఒక ఉత్తరం రాసి, జవాబు రాకపోతే కచేరీ ఒప్పుకోండి. అలా అడిగినందుకు నాకు పాత్ర పోయిన సందర్భం ఒక్కటి కూడా లేదు.

సంతకానికి ముందే మీ కాన్‌ఫ్లిక్టుల జాబితా, అంటే మీరు రాలేని రోజుల పట్టిక, ఇచ్చి దానిని ఒప్పందానికి జతచేయించండి. నోటిమాటగా "చూద్దాంలెండి" అన్నది రిహార్సల్ మొదలయ్యాక ఎవరికీ గుర్తుండదు. స్టూడియో పని మొదటి రెండు వారాల్లో పడితే దర్శకులు సర్దుకోగలరు. మీరు లేని రోజున వేరే సన్నివేశాలు పెట్టుకుంటారు. మూడో వారం చివరి నుంచి, లైట్లూ సౌండూ కలిపి చూసే టెక్ రోజుల్లో మాత్రం పన్నెండు గంటల వ్యవధిలో పది గంటలు పనిచేయించడం కొన్ని చోట్ల ఆనవాయితీ, అప్పుడు మీరు కదలలేరు.

ఇక సోమవారాలు. చాలా థియేటర్లకు ఆ రోజు సెలవు. న్యూయార్క్‌లో పాడే నటీనటులు దశాబ్దాలుగా బతుకుతున్నది ఆ ఒక్క రాత్రి మీదనే. అక్కడి బర్డ్‌ల్యాండ్ అనే జాజ్ క్లబ్బులో సోమవారం రాత్రి బ్రాడ్‌వే నాటకాల వాళ్లు వచ్చి పాడుతూ ఉంటారు. అయితే మీ నాటకం ఆడుతున్న ఊళ్లోనే పాడదలచుకుంటే, థియేటర్ ఒప్పందంలోనూ క్లబ్బు ఒప్పందంలోనూ రేడియస్ షరతు ఉందేమో చూడండి. ఇన్ని మైళ్ల లోపల, ఇన్ని రోజుల లోపల మరెక్కడా పాడరాదని కొందరు రాస్తారు. నాటకంలోని పాటకు, మీ సొంత కచేరీకి అది వర్తించదని ఒక వాక్యం చేర్పించండి.

పాతరికార్డులు (షికాగో) సమాధానం:

అమ్మా, మీరు అడిగిన మొదటి ప్రశ్నకు నలభై ఏళ్లుగా ఈ సంగీతం వింటున్న మనిషిగా జవాబు చెబుతాను.

ఈ ఊళ్లోనే 1930లో పుట్టిన జాజ్ గాయని, నటి అబీ లింకన్ జీవితాన్ని ఒకసారి తేదీల వరుసలో చూడండి. 1956లో ఒక హాలీవుడ్ సినిమాలో ఆమె చేత పాట పాడించినప్పుడు, అంతకు ముందు మార్లిన్ మన్రో వేసుకున్న ఎర్ర గౌను తొడిగించారు. ఆ గౌనుకు వచ్చిన పేరు తన పాటకు రాలేదని గ్రహించి, తరువాత ఆమె దానిని కాల్చివేశారు. 1960లో డ్రమ్స్ వాయించే మాక్స్ రోచ్‌తో కలిసి పౌరహక్కుల ఉద్యమానికి గొంతునిచ్చిన ఆల్బమ్ చేశారు. అందులో ఒకచోట మాటలేవీ లేకుండా ఆమె పెట్టే కేకలు ఇప్పటికీ నన్ను కూర్చున్న చోటు నుంచి లేవనివ్వవు. 1961లో తన పేరుతో మరో ఆల్బమ్ చేశారు. దాని తరువాత 1973 దాకా, పన్నెండేళ్ల పాటు, ఆమె పేరు మీద ఆల్బమ్ లేదు. 1964లో "నథింగ్ బట్ ఎ మ్యాన్" సినిమా, 1968లో మరో సినిమాలో నటుడు సిడ్నీ పాటియే సరసన కథానాయిక పాత్ర, రెండూ ఆ ఖాళీలోనే వచ్చాయి. నటన వల్ల పాట ఆగిపోయిందని నేను అనుకోను. రికార్డు చేయించాలా వద్దా అన్న నిర్ణయం ఆ రోజుల్లో కంపెనీల చేతిలో ఉండేది, ఆమె ఊరుకునే మనిషి కాదు. 1990లో, అరవై ఏళ్ల వయసులో, వెర్వ్ కంపెనీ ద్వారా మళ్లీ వరుసగా ఆల్బమ్‌లు చేయడం మొదలుపెట్టి, తన సొంత పాటలతో 2007 దాకా కొనసాగారు. ఆ పన్నెండేళ్లలో ఆమె పేరు మీద ఒక్క ఆల్బమ్ కూడా రాకపోవడం నాకు తీరని బాధ.

మీకు దగ్గరి ఉదాహరణ గాయని లెడిసి. న్యూ ఆర్లీన్స్‌లో పుట్టి ఓక్లండ్‌లో పెరిగిన ఆమె, 2000లో మొదటి ఆల్బమ్‌ను స్నేహితురాలితో కలిసి పెట్టుకున్న సొంత సంస్థ ద్వారా తెచ్చారు. తరువాత పెద్ద కంపెనీలో చేరారు. 2014లో "సెల్మా" సినిమాలో పాతతరం భక్తిగీతాల గాయని మహేలియా జాక్సన్‌గా కనిపించారు. 2020లో మళ్లీ సొంత సంస్థ మీద ఆల్బమ్ విడుదల చేస్తే, అందులోని పాటకే 2021లో ఆమెకు మొదటి గ్రామీ వచ్చింది. 2022లో మహేలియా జీవితకథలో ప్రధాన పాత్ర వేశారు. అంటే సొంత సంస్థా, పెద్ద పాత్రా రెండేళ్ల వ్యవధిలో పక్కపక్కనే నడిచాయి.

పాత్ర ఇచ్చేది మరొకరు, ఆపేది కూడా వారే. ఆల్బమ్ అలా కాదు, మాస్టర్ రికార్డింగు, అంటే అసలు రికార్డింగు, మీ పేరు మీద ఉన్నంతకాలం మీరు నాటకంలో ఉన్నా అది సంపాదిస్తుంది. సాటిలైట్ రేడియో, ఇంటర్నెట్ రేడియోల నుంచి సౌండ్‌ఎక్స్‌ఛేంజ్ అనే సంస్థ వసూలు చేసే సొమ్ములో 50 శాతం రికార్డింగు యజమానికి, 45 శాతం ముఖ్య గాయనికి, 5 శాతం తోడు వాద్యకారుల, గాయకుల నిధికి వెళ్తుంది. మీరు యజమానిగా ఒకసారి, గాయనిగా ఒకసారి, రెండు చోట్లా నమోదు చేసుకోవాలి. పాట రాసినందుకు స్ట్రీమింగ్ నుంచి రావలసిన మెకానికల్ రాయల్టీ వేరు. 2021 నుంచి దానిని ఎంఎల్‌సీ (మెకానికల్ లైసెన్సింగ్ కలెక్టివ్) అనే సంస్థ పంచుతోంది. నాకు తెలిసిన స్వతంత్ర గాయకుల్లో సగం మంది ఈ ఎంఎల్‌సీలో నమోదు చేసుకోనేలేదు. నా మాట వింటే నాటకం ఒప్పుకోండి, ఆల్బమ్‌ను మాత్రం వేరెవరి డబ్బుతోనూ చేయకండి.

గొంతుసాధన (డాలస్) సమాధానం:

నేను స్పీచ్ థెరపిస్టును, గాయకులతోనే పనిచేస్తాను. ఏడుపు గురించి అడిగారు కనుక అంతవరకే చెబుతాను.

నిజంగా ఏడ్చినప్పుడు స్వరపేటిక పైకి లేచి, గొంతు చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి. ఆ బిగువు వదలకముందే పాడితే స్వరతంతువులు ఒకదానికొకటి గట్టిగా ఒరుసుకుంటాయి. వారానికి ఎనిమిది సార్లు, ఏడు వారాలంటే యాభై ఆరు సార్లు. అందువల్ల ఏడుపు ఊపిరి నుంచి, భుజాల నుంచి, పక్కటెముకల నుంచి రావాలి. గొంతులో శబ్దం వీలైనంత తక్కువ ఉండాలి. దర్శకుడితో ఈ మాట రిహార్సల్ మొదటి వారంలోనే చెప్పండి. ఏడుపుకూ పాటకూ మధ్య రెండు నిండు ఊపిరుల పాటు మౌనం కావాలని అడగండి, చాలామంది దర్శకులకు ఆ మౌనం నచ్చుతుంది కూడా.

వేదిక వెనుక ఒక గ్లాసులో మూడు వేళ్ల లోతు నీళ్లు, ఒక మామూలు స్ట్రా పెట్టుకోండి. స్ట్రా కొస నీళ్లలో ముంచి, బుడగలు సన్నగా సమంగా వచ్చేట్టు కింది షడ్జం నుంచి పంచమం దాకా "ఊ" అని జారుతూ పైకీ కిందికీ వెళ్లండి. ప్రదర్శనకు ముందు ఐదు నిమిషాలు, అయ్యాక ఐదు నిమిషాలు చాలు. బుడగలు తడబడితే ఊపిరి తడబడుతున్నట్లే, గొంతును నెట్టవద్దు.

గొంతు అలసినప్పుడు గుసగుసగా మాట్లాడితే విశ్రాంతి అని చాలామంది అనుకుంటారు. చాలామందికి అది ఇంకా శ్రమ. మాట్లాడకుండా ఉండండి, లేదా తగ్గు స్వరంలో మామూలుగా మాట్లాడండి. పిల్లల పాఠాలు ఆ ఏడు వారాలూ సగానికి తగ్గించుకోండి, ఎందుకంటే పాఠం చెప్పేటప్పుడు కూడా గొంతు బాగా ఖర్చవుతుంది. నాటకం మొదలుకాకముందే గొంతు వైద్యుడి దగ్గర స్ట్రోబోస్కోపీ, అంటే స్వరతంతువుల కదలికను వీడియో తీసే పరీక్ష, చేయించి ఆ వీడియో దాచుకోండి. తరువాత ఏదైనా తేడా వస్తే పోల్చుకోవడానికి అదే ఆధారం.

మల్లెపందిరి (ఒంగోలు) సమాధానం:

మీ అమ్మగారితో ఒక్క మాట చెప్పండి. మా ఒంగోలు పక్కన దొడ్డవరంలో పుట్టిన భానుమతిగారు తన పాట తానే పాడుకుంటూ నటించారు, భర్తతో కలిసి భరణీ సంస్థ నడిపారు, 1953లో ఒకే కథను మూడు భాషల్లో స్వయంగా దర్శకత్వం చేశారు. ఆ ఇంట్లో ఎన్ని పడవలున్నాయో అమ్మగారికే బాగా తెలుసు.

నీలిస్వరం మళ్లీ రాసినది:

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. చివరి సమాధానం చదివి వినిపిస్తే అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు, తరువాత మల్లీశ్వరి పాట ఒకటి కూనిరాగం తీసింది.

నిన్న థియేటర్ వారికి నా కాన్‌ఫ్లిక్టుల పట్టిక పంపాను. రిహార్సల్ రెండో వారంలో బుధ, గురువారాలు, ఆ పైన నాలుగు సోమవారాల కచేరీలు అందులో రాశాను. బుధ, గురువారాలు వారు ఒప్పుకున్నారు. మూడో స్టూడియో రోజును ఆదివారానికి జరపడానికి బాస్ వాయించే ఆయన తప్ప అందరూ సరేనన్నారు. ఆయన భాగాలు ముందే గురువారం రాత్రి పూర్తిచేస్తాం. రేడియస్ షరతు నిజంగానే ఉంది, ముప్పై మైళ్లు. సొంత కచేరీలను మినహాయించే వాక్యం రాసి పంపాను, జవాబు రావాలి. ఎంఎల్‌సీలో నా పాటలు ఒక్కటి కూడా లేవు. ఈ రాత్రి మొదటి ఆల్బమ్ నుంచి నమోదు చేయడం మొదలుపెడుతున్నాను.